మర్రెడ్డి పెట్టిన అడ్డుదిమ్మ

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు మజ్జిగ గిన్నె కింద ఒక ఇనప కడియం కనపడింది. గిన్నె అడుగు గుండ్రంగా ఉండి ఒరిగిపోతుంటే మా ఆవిడ దాన్ని కుదురుగా వాడుతోంది. ముద్ద నోటి దాకా పోకుండా చేతిలోనే ఆగింది. "ఇదెక్కడిది?" అన్నాను. "మీ ట్రంకు పెట్టెలోదే. బూజులు దులిపినప్పుడు దొరికింది. నెల్రోజుల్నుంచీ గిన్నె దానిమీదే పెడతన్నా. ఇయ్యాలే కనపడిందా మీకు?" అంది. పాతికేళ్లకు పైగా పాత బట్టల అడుగున దాచిన వస్తువు అది. మూడు ఇళ్లు మారినా, ఉద్యోగం మీద నరసరావుపేట వచ్చినా, ఆ పెట్టె తాళంచెవి నేనెవరికీ ఇవ్వలేదు. చివరికి తాళం తుప్పుపట్టి తనంతట తనే ఊడిపోయినట్టుంది. ఆ పూట మజ్జిగ పోసుకోకుండానే చెయ్యి కడుక్కున్నాను.

ఆ కడియం గురించి రాయాలంటే ముందు ఒక మాట ఒప్పుకోవాలి. మర్రెడ్డి నీలగిరి కొండల మీద వ్యాను చక్రం కింద అడ్డుదిమ్మ పెట్టటం మరిచి దాన్ని లోయలోకి వదిలేసిన కథ మా ఊరు రెంటచింతలలో అందరికీ తెలుసు. గురజాలలో తెలుసు. మాచర్ల బస్టాండులో అడిగినా ఎవరో ఒకరు చెబుతారు. ఇన్ని ఊళ్లకు తెలియటానికి కారణం నేనే. పెళ్లి పందిళ్లలో, నాట్లప్పుడు గట్ల మీద, స్కూల్లో టీచర్ల గదిలో ఆ కథను నా అంత బాగా చెప్పినవాడు లేడు. చెప్పిన ప్రతిసారీ మర్రెడ్డిని ఇంకాస్త వెర్రివాణ్ణి చేశాను. కథలో నవ్వు పుట్టించే సంగతులన్నీ నిజంగా జరిగినవే. ఒక్క సంగతి మాత్రం అబద్ధం. మిగతా కథంతా ఆ అబద్ధం మీదే నిలబడి ఉంది.

మా ఊరి ఎండ గురించి బయటివాళ్లకు చెప్పినా నమ్మరు. ఏప్రిల్ వచ్చిందంటే మా ఇంట్లో దినచర్య అంతా నీళ్ల చుట్టూ తిరిగేది. తెల్లవారకముందే నాయనమ్మ లేచి తాగేనీళ్ల కుండలకు తడిగుడ్డ చుట్టేది. పది గంటలకల్లా తలుపులు మూసి, కిటికీలకు గోనెసంచులు కట్టేవాళ్లం. వాటి మీద చెంబుతో నీళ్లు చల్లే పని మాకు వంతులవారీగా పడేది. తడిసిన గోనె వాసన, చల్లకుండలో వేసిన ఉల్లిపాయ వాసన, కల్లంలో ఎండే మిరపకాయల ఘాటు, ఈ మూడూ కలిస్తేనే ఇప్పటికీ నాకు వేసవి అనిపిస్తుంది. బయటికిపోయే ప్రతి మగవాడి జేబులో నాయనమ్మ ఒక ఉల్లిపాయ వేసి పంపేది, వడదెబ్బ తగలకుండా. చర్చికి పోయేటప్పుడు కూడా. ఆదివారం పూజలో అందరూ మోకాళ్లూనినప్పుడు ఎవరి జేబులోంచో ఒక ఉల్లిపాయ జారి పీఠం దాకా దొర్లుకుంటూ పోవటం, ఫాదరు గారు దాన్ని చూడనట్టే ప్రార్థన కొనసాగించటం మాకు మామూలు.

మా మేనత్త కన్యాస్త్రీ. చిన్న వయసులోనే మఠంలో చేరి, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి నీలగిరి కొండల మీద ఉండేది. ఒక మే నెలలో ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే కాబట్టి నాయనమ్మకు చదివి వినిపించాను. "ఇక్కడ చలి ఎక్కువగా ఉన్నది. పొద్దుటిపూట నిప్పు వేసుకుని కూర్చుంటున్నాము" అన్న చోట నాయనమ్మ చేతిలో విసనకర్ర ఆగింది.

"మళ్లీ చదువు."

మళ్లీ చదివాను.

"మే నెల్లో నిప్పేసుకుని కూచున్నదా? నా బిడ్డకు మతి చెడిందిరా జోజీ. ఎండ నెత్తికెక్కింది దానికి. ఎవురో ఒకరు పోయి చూడాల."

కొండల మీద చల్లగా ఉంటుందని నేను భూగోళం పుస్తకం తెచ్చి చూపించాను. నాయనమ్మ ఆ పుస్తకాన్నే విసనకర్రగా చేసి విసురుకుంది. కొండ మీదికి పోతే సూర్యుడికి దగ్గరవుతాం కదా, చల్లగా ఎలా ఉంటుంది అని ఆమె ప్రశ్న. నిజానికి నేను కూడా సగం ఆమె పక్షమే. సాయంత్రానికల్లా ఆమె ఒక పెద్ద జాడీ ఆవకాయ, ఒక సంచి ఉల్లిపాయలు సిద్ధం చేసింది. ఇక పోయేదెలా అన్నదే మిగిలింది.

అక్కడ మర్రెడ్డి వచ్చాడు. మర్రెడ్డిది మా పక్కిల్లు. నా ఈడువాడే. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, వాళ్ల మేనమామ ఇన్నారెడ్డి దగ్గర వ్యాను తోలటం నేర్చుకున్నాడు. స్టీరింగంటే వాడికి ప్రాణం. అన్నం తినేటప్పుడు కంచాన్ని కూడా అటూ ఇటూ తిప్పేవాడు. అవి సాగర్ డ్యాం కడుతున్న రోజులు. అక్కడ ఒక కంట్రాక్టరు లారీకి డ్రైవరు కావాలన్నాడు, ఇన్నారెడ్డి మామ పూచీ ఉంటే మర్రెడ్డిని తీసుకుంటానన్నాడు. మామ మాత్రం ఒక పట్టాన పూచీ ఇచ్చే మనిషి కాదు. మా నాయనమ్మ గొడవ ఆయన చెవినబడగానే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. "ఒరేయ్, ఆ కొండలెక్కి, దిగి, బండి తెచ్చి నా వాకిట్లో పెట్టు. పెట్టిన రోజే నిన్ను తీసకపోయి కంట్రాక్టరుకు అప్పజెప్తా. లేదంటే మీ నాయన ఎడ్లబండి ఉండనే ఉంది" అన్నాడు. ఆ ప్రయాణం మాకు చుట్టపుచూపు, వాడికి పరీక్ష.

ఆ వ్యాను మిలిటరీవాళ్లు వాడి పారేస్తే మామ వేలంలో తెచ్చుకున్నది. దానికి హ్యాండ్ బ్రేకు కర్ర ఉండేది గానీ బ్రేకు ఉండేది కాదు. ఆ కర్రకు మామ జపమాల తగిలించేవాడు. గేరులో ఆపినా అది ఎప్పుడు జారుతుందో తెలియదు. అందుకని ఆయన ఒక తుమ్మ మొద్దును మూడు మూలల దిమ్మగా చెక్కించి, పట్టుకుని లాగటానికి వెనక ఒక ఇనప కడియం కొట్టించాడు. పదేళ్లు గ్రీజూ ఆయిలూ తాగి ఆ దిమ్మ నల్లగా నిగనిగలాడేది. ఆ బండికి సంబంధించి మామ శాసనాలు రెండు. ఒకటి, వేసవిలో బండి చుట్టూ కట్టిన గోనెసంచులు ఎప్పుడూ ఆరకూడదు, ఆరితే లోపల పెట్రోలు ఉడుకుతుంది. రెండు, బండి ఆగగానే డ్రైవరు నోట్లోంచి మాట రాకముందే ఎడమ వైపు వెనక చక్రం కింద దిమ్మ పడాలి. "మాట తర్వాత. ముందు దిమ్మ" అనేవాడు. మర్రెడ్డి దీన్ని దైవాజ్ఞలా పాటించేవాడు. బండి ఆపాడంటే పెదాలు బిగించుకుని దూకేవాడు. మీరేం అడిగినా పలికేవాడు కాదు. చక్రం కింద ఠక్కుమని చప్పుడయ్యాక వచ్చి, "ఆఁ, ఏందీ?" అనేవాడు. ఈ అలవాటును దయచేసి గుర్తుపెట్టుకోండి. మేం ఎవరం గుర్తుపెట్టుకోలేదు.

మూడోవాడు కోటేశ్వరరావు. మాకు కోటేశు. వాళ్ల నాన్న నూరెకరాల ఆసామి, పంచాయతీ ప్రెసిడెంటు కావాలని తిరుగుతున్నవాడు. కోటేశు మంచి ఒళ్లున్న మనిషి. కొండలు చూడాలని సరదాపడి తనూ వస్తానన్నాడు, గుంటూరు నుంచి ఒక కెమెరా కూడా అడిగి తెచ్చాడు. అందులో రీలు లేదు. "రీలు లేకపోతేనేంరా, పెట్టె ఉంది గదా" అనేవాడు. దారి పొడుగునా ఏటి వంతెన కనపడినా, గుడి గోపురం కనపడినా బండి ఆపించి మమ్మల్ని నిలబెట్టి మీట నొక్కేవాడు. మేం కూడా క్రాపు సర్దుకుని, చొక్కా దులుపుకుని, నవ్వు ముఖం పెట్టేవాళ్లం. ఆ ప్రయాణానికి ఒక్క ఫోటో కూడా లేదు. అయినా మేం నిలబడిన ప్రతి చోటూ, ఎవరం ఏ పక్కన నిలబడ్డామో సహా నాకు ఇప్పటికీ కనపడుతూనే ఉంటుంది.

నాలుగు రోజులు పట్టింది కొండల కిందికి చేరటానికి. అక్కడి నుంచి ఘాటురోడ్డు. దారికి రెండు వైపులా సన్నగా పొడుగ్గా పోకచెట్లు, వాటి మధ్యలోంచి ఆకాశం ముక్కలు. ఒక్కో మలుపు తిరిగేసరికి ఇందాక మేం వచ్చిన రోడ్డు కాళ్ల కింద పడేసిన తాడులా కనపడేది. రాళ్ల మీద నుంచి నీళ్లు ఊరికే పడిపోతున్నాయి. బిందె పెట్టేవాళ్లు లేరు, వంతు కోసం కొట్లాడేవాళ్లు లేరు. అది చూసి మర్రెడ్డి బాధపడ్డాడు. "ఇన్ని నీళ్లు ఎవురికీ పట్టకుండా పోతన్నయ్ రా" అన్నాడు. పైకి పోయేకొద్దీ గాలి మారింది. ముందు హాయిగా ఉంది. తర్వాత చెవులు నొప్పిపుట్టాయి. ఆ తర్వాత ముగ్గురికీ ఒకేసారి వణుకు మొదలైంది. మేం దాన్ని చలి అనుకోలేదు. మాకు తెలిసిన వణుకు ఒకటే, మలేరియాది. కోటేశు ట్రంకులోంచి చేదుబిళ్లలు తీసి తలా ఒకటి ఇచ్చాడు. మింగాం. ఈలోగా గోనెసంచులు తడిపే పని నాది కాబట్టి, మామ చెప్పినట్టే ప్రతి రెండు మైళ్లకూ చెంబుతో తడుపుతూనే ఉన్నాను. తడి సంచుల మధ్య నుంచి ఆ కొండగాలి ఈల వేసుకుంటూ లోపలికి వస్తోంది.

"ఒరేయ్ జోజిగా, ఇంక తడపమాక రా. నా పళ్లు రాలిపోయేట్టున్నయ్" అన్నాడు కోటేశు.

"మామ చెప్పాడు గదా."

"మీ మామ యాడున్నాడు? రెంటచింతలలో నీళ్ల తొట్లో కూచున్నాడు!"

"తడుపు" అన్నాడు మర్రెడ్డి, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. తలకు చుట్టుకున్న తడి తువ్వాలులో ఉల్లిపాయ ఉంది.

అలా ఇంకో నాలుగు మలుపులు తిరిగామో లేదో, ఎదురుగా రోడ్డు మాయమైంది. తెల్లగా, దట్టంగా పొగ వచ్చి బండిని కమ్మేసింది. మా వైపు అంత పొగ వచ్చిందంటే గడ్డివామి అంటుకున్నట్టే. "బండి తగలబడతంది!" అని కోటేశు అరిచాడు. ఇద్దరం బిందె ఎత్తి, తాగేనీళ్లన్నీ మర్రెడ్డి పక్కనే ఉన్న ఇంజను పెట్టె మీద కుమ్మరించాం. పొగ తగ్గలేదు. చెట్ల మీద కూడా అదే పొగ, లోయ నిండా అదే పొగ. అది మబ్బు అని అర్థమయ్యేసరికి చుక్క నీళ్లు లేవు. రేడియేటరుకు కూడా లేవు.

మర్రెడ్డి ఎత్తురోడ్డు మీదే బండి ఆపాడు. పెదాలు బిగించుకుని దూకాడు. ఠక్కుమని చప్పుడైంది. నేను విన్నాను. తర్వాత నా దగ్గరకు వచ్చి, "కింద జలపాతం కాడ నీళ్లు పట్టకొస్తా. నువ్వు పొయ్యి రాజెయ్యి, కాపీ తాగుదాం" అని డబ్బా తీసుకుని పోయాడు. కోటేశు కెమెరా తీసుకుని మబ్బును ఫోటో తీయటానికి పోయాడు.

మూడు రాళ్లు తెచ్చి పొయ్యి పేర్చాను. పుల్లలన్నీ తడి. ఆకులు తడి. అగ్గిపెట్టె అయిపోవచ్చింది. మూడే పుల్లలు మిగిలాయి. చేతివేళ్లు నావి కానట్టున్నాయి. అప్పుడు నా చూపు చక్రం కింద పడింది. గ్రీజు తాగిన నల్ల తుమ్మ. అది మండినట్టు ఇంకేదీ మండదు. కడియం పట్టుకుని లాగాను, రాలేదు. కాలితో మూడుసార్లు తన్నాను, ఊడి వచ్చింది. బండి వైపు చూశాను. ఒక్క అంగుళం కదల్లేదు. దిమ్మంతా మామ చాదస్తం అనుకున్నాను. అయినా చక్రం కింద ఒక రాయి పెడదామనిపించింది. తెచ్చిన మూడు రాళ్లూ పొయ్యికే సరిపోయాయి. కాపీ తాగింతర్వాత పెడదాం అనుకున్నాను. ఇన్నేళ్లలో నేను చేసిన తప్పులన్నీ తిరగేసి చూసుకున్నా, దేన్నీ ఇంత మామూలుగా చేసినట్టు లేదు.

దిమ్మ అద్భుతంగా మండింది. ఇద్దరూ తిరిగి వచ్చి మంట చుట్టూ కూర్చున్నారు. మర్రెడ్డి రెండు చేతులూ మంట మీద చాచి, కళ్లు మూసుకుని, "ఏం కట్టెరా ఇది? ఇంత బాగా మండతంది?" అన్నాడు.

"ఏదో అడివి కట్టె."

"నూనెగింజల చెట్టయ్యుంటది. పోయేటప్పుడు ఊరికి ఒక మోపు పట్టకపోదాం. అమ్మ సంతోషిస్తది" అన్నాడు.

నేను కాపీ గ్లాసు అందించాను. కోటేశు బెల్లం కోసం బండెక్కాడు. ఆ బరువుకు బండి ఒకసారి మూలిగి, మర్యాద తెలిసిన చుట్టం సెలవు తీసుకున్నట్టు, చప్పుడు లేకుండా వెనక్కి బయల్దేరింది.

"ఒరేయ్ మర్రెడ్డీ" లోపల్నుంచి కోటేశు అరుపు, "ఎనక్కి పోనిస్తన్నావేందిరా? మనం పోవాల్సింది పైకి గదా!"

"నేనిక్కడున్నారా!" అని మర్రెడ్డి గ్లాసుతో సహా లేచాడు.

తర్వాత మబ్బులోంచి సన్నగా వినపడింది. "మరి తోలేదెవుర్రా?"

ఆ బండి మొదటి మలుపు తనంతట తానే తిరిగింది. మర్రెడ్డి అంత బాగా తిప్పగలడో లేదో నాకు తెలియదు. రెండో మలుపు తిరగలేదు. రోడ్డు దిగి తేయాకు తోటలోకి పోయి, పొదలు దున్నుకుంటూ సగం కొండ దిగి, ఒక పెద్ద రాయికి ఆనుకుని ఆగింది. మేం పరుగెత్తి చేరేసరికి ఆకు కోసే అరవ ఆడవాళ్లు పదిమంది బండి చుట్టూ నిలబడి గుండెలు బాదుకుంటున్నారు. కోటేశు తల నుంచి కాళ్ల దాకా ఎర్రగా కారుతూ బయటికి వచ్చాడు. నాయనమ్మ జాడీ వాడి నెత్తిన పగిలింది. ఒకామె ఏడుస్తూ కొంగుతో వాడి ముఖం తుడిచి, అదే కొంగుతో తన కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత ఆమె పెట్టిన కేకకు మిగతా ఆడవాళ్లు వాణ్ణి వదిలేసి ఆమె చుట్టూ చేరారు. కోటేశు పెదాలు నాక్కుని, "ఉప్పు కాస్త తగ్గిందిరా" అన్నాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. బండి ఇరుసు మాత్రం రెండు ముక్కలైంది.

పొయ్యిలో కట్టె సంగతి ఒక్కటి దాచి, ఇక్కడి దాకా ఎప్పుడు చెప్పినా జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఇక్కడి నుంచి నేను చెప్పేది మారిపోయేది.

"దిమ్మ పెట్టలేదా?" అని కోటేశు అడిగాడు.

"పెట్టాను" అన్నాడు మర్రెడ్డి.

"మరేదిరా?"

వాళ్లిద్దరూ తోటలో బండిని చూస్తూ ఉండగా, రోడ్డు మీద వెతికొస్తానని చెప్పి నేను ముందుగా పైకి పరుగెత్తాను. మంట చల్లారిపోతోంది. దిమ్మ బూడిదైంది. కడియం మాత్రం నిప్పుల్లో ఎర్రగా ఉంది. కాపీ గిన్నెలో మిగిలిన నీళ్లు దాని మీద పోసి, తువ్వాలుతో పట్టుకుని జేబులో వేసుకున్నాను. ఆ జేబులో నాయనమ్మ వేసిన ఉల్లిపాయ ఉంది. తర్వాత వాళ్లిద్దరూ వచ్చారు. ముగ్గురం కలిసి గంటసేపు దిమ్మ కోసం వెతికాం. అందరికన్నా ఎక్కువ నేనే వెతికాను. పొదలు కదిలించాను, కల్వర్టులోకి దూరి చూశాను. మధ్యలో కోటేశు ఆగి గాలి పీల్చి, "ఎక్కడో ఉల్లిపాయ కాలతన్న వాసనొస్తంది" అన్నాడు. నా తొడ మీద గుండ్రటి మచ్చ ఇప్పటికీ ఉంది.

వెతికే కొద్దీ మర్రెడ్డి మాట మారుతూ వచ్చింది. మొదట "పెట్టాను" అన్నాడు. కాసేపటికి "పెట్టినట్టే గుర్తు" అన్నాడు. చివరికి రోడ్డు మధ్యలో నిలబడి తన రెండు చేతుల వైపు చూసుకుంటూ, "జోజీ, పెట్టానంటావా?" అని నన్నే అడిగాడు. అప్పుడు నా నుంచి ఒక్క మాట చాలు. నోరు తెరిచాను కూడా. "నేను చూళ్లేదురా" అన్నాను.

మేం మేనత్త మఠానికి తేయాకు లారీ మీద చేరాం. ఆమె శాలువా కప్పుకుని, కుంపటి దగ్గర కూర్చుని, మతి చక్కగానే ఉండి మమ్మల్ని పలకరించింది. ఇవ్వటానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు. ఆమె కోటేశు దగ్గరకు వచ్చి, వాడి చొక్కా వాసన చూసింది. మళ్లీ చూసింది. "మా అమ్మ చేతిదే" అని, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా ఆ చొక్కా విప్పించి తీసుకుపోయింది. దాన్ని ఏం చేసిందో మేం అడగలేదు. రాత్రి భోజనంలో మాకూ కాస్త ఆవకాయ వడ్డించారు.

రైల్లో ఊరికి చేరాక ఇన్నారెడ్డి మామ అంతా విన్నాడు. బండి గురించి ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు. "దిమ్మ ఏదిరా?" అన్నాడు. మర్రెడ్డి తల దించుకున్నాడు. "దిమ్మ ఉంటే బండి కదలదు. బండి కదిలిందంటే దిమ్మ లేదు. అంతే" అని లేచిపోయాడు. కంట్రాక్టరు దగ్గరకు ఎవరూ పోలేదు. సాగర్ డ్యాం మర్రెడ్డి లేకుండానే పూర్తయింది. ఆ తర్వాత వాడు తోలే బండి ఏదైనా సరే ఎక్కటానికి ఊళ్లో ఒక్కరూ సాహసించలేదు. నా కథలు ఆ పని బాగా చేశాయి. వాడు వాళ్ల నాన్న ఎడ్లబండి పట్టాడు.

నేను చెప్పకుండా ఊరుకోలేదు. వచ్చిన నెలలోనే చేసిన పాపం ఒప్పుకోవటానికి చర్చిలో పాపసంకీర్తనానికి పోయి, "ఒక చెక్క ముక్క తగలబెట్టాను స్వామీ" అన్నాను. ఫాదరు గారు "పెద్దదా?" అన్నారు. "చిన్నదే" అన్నాను. మూడు పరలోక జపాలు చెప్పమన్నారు. చెప్పి, పాపం తీరిందనుకున్నాను. వ్యాను గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

అసలు నష్టం ఉద్యోగం కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సెలవులకు ఊరు పోయినప్పుడల్లా చూసేవాణ్ణి. మర్రెడ్డి ఎడ్లబండి ఆపితే రెండు చక్రాలకూ ముందొకటి వెనకొకటి రాళ్లు పెట్టేవాడు. పది అడుగులు పోయి, వెనక్కి వచ్చి చూసేవాడు. సైకిలు స్టాండు వేసి దాని కింద ఇటుక ముక్క పెట్టేవాడు. పిల్లవాడి ఉయ్యాలకు కూడా కింద చెక్క పెట్టాడని, అది ఊగక పిల్లవాడు ఏడ్చాడని జనం చెప్పుకుని నవ్వేవారు. అది కూడా నా కథలో చేర్చుకున్నాను. తలుపు గడియ వేశాడో లేదో వాళ్లావిడను అడిగేవాడు, అన్నం తిన్నాడో లేదో కూడా ఒక్కోసారి అడిగేవాడు. తన చేతులు చేసిన పనిని తన కళ్లే నమ్మని మనిషి అయ్యాడు. వాడి చేతుల్లోంచి ఆ నమ్మకాన్ని ఊడబెరికింది నేను.

కడియం కనపడిన మర్నాడు రెంటచింతల బస్సెక్కాను. ఇప్పుడు వేసవికి మా ఊరి నుంచే ఊటీకి టూరిస్టు బస్సు వేస్తున్నారు. స్వెట్టర్లు వేసుకుని పోతున్నారు. మబ్బును చూసి ఎవరూ నీళ్లు పోయరు. ఫోటోలు రంగుల్లో వస్తున్నాయి. కిటికీలకు గోనెసంచుల బదులు కూలర్లు వచ్చాయి. ఎండ మాత్రం తగ్గలేదు. నా జేబులో ఉల్లిపాయ లేదు, కడియం ఉంది.

మర్రెడ్డి పందిరి కింద మంచం మీద కూర్చున్నాడు. మంచం కోళ్ల కింద రాళ్లున్నాయి. "ఏందిరా జోజిగా, ఈ ఎండలో వచ్చావ్?" అన్నాడు. కడియం తీసి మంచం మీద పెట్టాను. చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "మా మామ దిమ్మది గదా. యాడ దొరికింది?"

"నా కాడే ఉంది. అప్పట్నుంచీ."

అంతా చెప్పాను. చెబుతుంటే నా గొంతు పెళ్లి పందిట్లో కథ చెప్పిన గొంతులా లేదు. అయిపోయాక వాడు అడిగాడు.

"ఎడం చక్రం కిందా?"

"ఎడం చక్రం కిందే."

"బిగించి పెట్టానా?"

"లాగితే రాలేదు. మూడుసార్లు తన్నాను."

"అయితే పెట్టానన్నమాట" అన్నాడు. కోపం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. వాడు కుడిచేతిని ముఖం ముందు పెట్టుకుని, ఎవరో దూరపు చుట్టాన్ని చూసినట్టు చూసుకుంటున్నాడు. తర్వాత లోపలికి కేకేశాడు. "ఏమే, ఇట్రా. నేను పెట్టానంట."

"ఏంది పెట్టింది?" అంటూ వాళ్లావిడ శౌరమ్మ వచ్చింది.

"దిమ్మ."

"అబ్బ, మళ్లీ మొదలా!" అంది గానీ, నా ముఖం చూసి, మంచం మీద కడియం చూసి, ఆ చివర్న కూలబడింది. నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అది న్యాయమే.

మర్రెడ్డి కడియాన్ని తన జేబులో వేసుకుని, "ఆ మంట కాడ చేతులు కాచుకున్నా గదరా నేను" అన్నాడు. "బాగా మండింది గూడా." నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు. "ఊరంతా తిరిగి చెప్పావు గదా, ఇప్పుడు రాయి. అచ్చులో రావాల. నా మనవడు చదవాల" అన్నాడు. ఇది రాయటానికి కారణం అదే.

సాయంత్రం బస్సుకు దిగబెడతానని బండి కట్టాడు. చక్రాల కింద నాలుగు రాళ్లు తీశాడు. ఒక్క రాయి మాత్రం నా ఒళ్లో పడేసి, మిగతా మూడూ అక్కడే వదిలేశాడు. బస్సులు ఆగే చోట టీ కొట్టు ముందు మామూలు జనమే ఉన్నారు. మధ్యలో కుర్చీలో కోటేశు, ఇప్పుడు ఊరికి పెద్దమనిషి. మమ్మల్ని చూడగానే ఒకరిద్దరు నవ్వటం మొదలుపెట్టారు. "మర్రెడ్డి బావా, రాయి మర్చిపోయేవు!" అని ఎవరో కేకేశారు.

మర్రెడ్డి బండి ఆపాడు. పెదాలు బిగించుకుని దూకాడు. నా ఒళ్లో నుంచి రాయి తీసుకుని ఎడమ చక్రం వెనక పెట్టి, కాలితో ఒక్కసారి తట్టాడు. వెనక్కి వచ్చి చూడలేదు. టీ కొట్టు వైపు తిరిగి, అప్పుడు నోరు తెరిచాడు.

"జోజీ, పెట్టానా?"

"పెట్టావు" అన్నాను.

"అందరికీ వినపడాల."

"పెట్టావు మర్రెడ్డీ."

కోటేశు టీ గ్లాసు కింద పెట్టాడు. నవ్వులు ఆగాయి. మర్రెడ్డి జేబులోంచి కడియం తీసి నా కళ్ల ముందు పట్టుకున్నాడు.

"మరప్పుడు?"

బస్సు వచ్చింది. కండక్టరు ఎక్కమని అరుస్తున్నాడు. దాన్ని పోనిచ్చాను. బండి మీద లేచి నిలబడి, ఆ కథను ఎప్పుడూ చెప్పినంత గట్టిగా చెప్పాను.

"అప్పుడూ పెట్టావు."